వార్డు నడిబొడ్డున నలభై మంది

మార్చి 11, బుధవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. లోన్ కావాలా అని అడిగేవాళ్లనుకుని, వద్దని చెప్పడానికి గొంతు సవరించుకుని మరీ ఎత్తాను. లోన్ కాదు, సర్వే అట. అరవై అయిదు దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్ల గురించి ఎవరో పరిశోధన చేస్తున్నారట. మాట్లాడే పిల్ల కాగితం చూసి గడగడా చదివేస్తోంది, ఫుల్‌స్టాప్ దగ్గర కూడా ఆగడం లేదు. భూగోళం చెప్పి రిటైరైన పంతులమ్మను, ఊరుకోలేక, ఊపిరి పీల్చుకుని చదవమ్మా అన్నాను. నవ్వింది. ఆ నవ్వు కోసమే మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాను.

పేరు వద్దు, అడ్రస్ చాలంది. డోర్ నంబర్ అడిగింది. గోడకు రంగు వేసినవాడు నంబర్ మీద కూడా వేసి చక్కా పోయాడు, అది కనబడి ఏళ్లయింది. పాత ఐస్ ఫ్యాక్టరీ వెనక, మెట్లు బయటికున్న మేడ, పై వాటా అని రాసుకోమన్నాను. పోస్ట్‌మ్యాన్‌కి అంత చాలు.

నిన్న ఎవరితోనైనా కాసేపు కూర్చుని మాట్లాడారా? లేదు. ఒంట్లో బాగా లేకపోతే పిలవడానికి మనిషి ఉన్నారా? ఉన్నారు, పిలవను. ఆ ఆప్షన్ లేదండీ అంది. సరే, ఉన్నారని రాసుకో అన్నాను. పోయిన వారంలో మీతో మాట్లాడటానికి మీ ఇంటికి ఎంతమంది వచ్చారు?

ఇక్కడ కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ప్రతి గురువారం మనవరాలు వస్తుంది. నా కూతురి కూతురు. యూనివర్సిటీలో పిహెచ్‌డి. ఏం చేస్తున్నావే అంటే మ్యాపులు అంటుంది, అక్కడితో సరి. హాస్టల్ గదిలో చోటు లేక, మా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పరుచుకుంటుంది. చెవులకు హెడ్‌ఫోన్స్. పొద్దున వస్తుంది, సాయంత్రం పోతుంది. మా ఇంట్లో ఉంటుంది గానీ నా దగ్గర ఉండదు. వచ్చేది బల్ల కోసం. ప్రశ్నలో మాట్లాడటానికి అని స్పష్టంగా ఉంది.

సున్నా అన్నాను.

ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర నిజం ఎంత సులువుగా వస్తుందో.

మార్చి 12, గురువారం

మనవరాలు వచ్చింది. ఫ్యాన్ కొంచెం పెంచవా. టీ చాలు. ఈ ప్లగ్ పనిచేయట్లేదు. వెళ్లొస్తా అమ్మమ్మా. ఇవాళ్టి ప్రసంగాలన్నీ ఇవే. నావి అంతకన్నా తక్కువ.

ఏప్రిల్ 20, సోమవారం

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. లోన్ వాళ్లు కూడా నా మీద ఆశ వదులుకున్నట్టున్నారు.

జూన్ 4, గురువారం, సాయంత్రం

ఇవాళ వింత జరిగింది. మధ్యాహ్నం మనవరాలు హెడ్‌ఫోన్స్ తీసి, అమ్మమ్మా ఇలా రా, నీకొకటి చూపిస్తా అంది. చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తాను. ఈ వయసులో నాది పరుగేమిటి గానీ, మనసైతే పరుగే.

స్క్రీన్ మీద మన ఊరి మ్యాపు. నేను పిల్లల చేత ట్రేసింగ్ కాగితం మీద గీయించినట్టు కాదు. ఒకదాని మీద ఒకటి పొరలు. లేయర్లు అంటుంది. వీధులు ఒక లేయర్, వార్డుల హద్దులు ఒక లేయర్, బస్‌స్టాపులు ఒకటి. ఉల్లిపాయలా ఉందే అన్నాను. ఉల్లిపాయే, వలిచేకొద్దీ ఏడుపొస్తోంది అంది. నా నోరే వచ్చింది దీనికి.

ఆఖరి లేయర్ వేసింది. ఊరంతా చిన్న చిన్న చుక్కలు. ఒక్కో చుక్కా ఒంటరిగా ఉంటున్న ఒక ముసలి ప్రాణి. చుక్కలు ఎక్కడ ఒత్తుగా పడితే అక్కడ రంగు ముదురుతుంది. మా వార్డు నడిబొడ్డున మటుకు, వేడినీళ్లు పడి చర్మం కందినట్టు, ఎర్రటి మచ్చ. దీన్నే హాట్‌స్పాట్ అంటారట. అక్కడ ఒక్కచోటే నలభై మంది దాకా ఉన్నారంది. ఒక్కచోట అంతమందేమిటే అంటే, అందరూ ఒకే పాయింట్ మీద పడ్డారు కాబట్టి ఏదో పెద్ద అపార్ట్‌మెంట్ అయ్యుండాలి, ఈ నెల ఇరవై అయిదున మునిసిపల్ ఆఫీసులో ప్రెజెంట్ చేస్తున్నా, వాళ్లు పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక హాలు కట్టిస్తామంటున్నారు, సరిగ్గా అక్కడే కట్టించొచ్చు అంది. దాని మొహం వెలిగిపోతోంది. ఇన్ని మాటలు ఒక్కసారిగా నాతో ఎప్పుడు మాట్లాడిందో గుర్తు లేదు.

ఇదంతా ఎలా తెలిసిందే అని అడిగాను. ఫోన్ సర్వే చేయించాం, మనుషుల్ని పెట్టి, అంటూ మచ్చుకు ప్రశ్నలు చదివింది. నిన్న ఎవరితోనైనా కాసేపు కూర్చుని మాట్లాడారా...

టీ గ్లాసు కింద పెట్టేశాను.

అది స్నానాలగదికి వెళ్లినప్పుడు, కళ్లజోడు ముక్కు మీదకి లాక్కుని స్క్రీన్ మీద మా ఇల్లు వెతికాను. ఐస్ ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక సందు ఉంది. మా మేడ మీద చుక్క లేదు. ప్రాణం కుదుటపడింది. సరిగ్గా జవాబులు చెప్పలేదని నన్ను తీసి పారేసి ఉంటారు. ఆ సున్నా ఇది చూడదు.

కుదుటపడ్డాక కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. నలభై మందిలో చేర్చుకోవడానికి నేను పనికిరాలేదా అని.

జూన్ 6, శనివారం

ఆ అపార్ట్‌మెంట్ గురించే ఆలోచన. నలభై మంది. లిఫ్ట్ దగ్గర ఒక బెంచీ ఉంటుంది. ఎవరో ఒకరు దాని మీద కూర్చునే ఉంటారు. మోకాళ్ల గురించి, కోడళ్ల గురించి, పేపర్లో అచ్చుతప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఒకరికొకరు దొరికినవాళ్లు ఫోన్‌లో ఎవరూ లేరని ఎందుకు చెప్పారో మరి. బహుశా ఎవరి తలుపు వాళ్లు వేసుకుని ఉంటారు. ఎవరో ఒకరు వెళ్లి తట్టాలంతే.

బస్సెక్కితే మూడు స్టాపులు.

జూన్ 8, సోమవారం, మధ్యాహ్నం

వెళ్లాను.

ఇస్త్రీ చీర కట్టుకున్నాను. ఒక బిస్కెట్ ప్యాకెట్ కొన్నాను. ఉత్త చేతులతో ఎలా పోతాం. మ్యాపు మనసులో అచ్చు వేసుకుని ఉన్నాను కాబట్టి దారి ఎవరినీ అడగలేదు. మ్యాపును నమ్మడం నా వృత్తిదోషం.

మచ్చ ఉన్నచోట అపార్ట్‌మెంట్ లేదు. అసలు ఇల్లే లేదు. పెద్ద ప్రహరీ, తుప్పు పట్టిన గేటు, లోపల తుక్కుకి వేసిన బస్సులు. చక్రాలు లేవు, అద్దాలు లేవు. కొన్నిటికి సీట్లు కూడా పీకేశారు. వరసగా నిలబడి ఉన్నాయి, ఎవరో వచ్చి పేర్లు పిలుస్తారన్నట్టు.

వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే, ఏ బస్సు కోసం వచ్చావమ్మా, ఇక్కడి బస్సులు ఎక్కడికీ పోవు అన్నాడు. ఇక్కడ పెద్దవాళ్లుండే అపార్ట్‌మెంట్ ఏదీ లేదా అన్నాను. పెద్దవాళ్లంటే వీళ్లే అని బస్సుల వైపు చెయ్యి చూపించాడు. హాస్యానికే అన్నాడు, పాపం. మామూలుగా అయితే నేనూ ఒకటి తగిలించేదాన్ని. ఎండకి మొహం వాడిందనుకున్నాడేమో, మంచినీళ్లిచ్చాడు. బిస్కెట్ ప్యాకెట్ ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

జూన్ 8, సాయంత్రం

చీర మార్చుకుని కూర్చున్నాక బుర్ర పనిచేసింది.

నలభై మంది చుక్కలు ఎవరూ లేని చోట ఉన్నాయి. నేనున్న చోట నా చుక్క లేదు. కూడికలు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. అడ్రస్ దొరకనివాళ్లందర్నీ ఆ సాఫ్ట్‌వేర్ వార్డు మధ్యలో దించేసింది. ఫ్యాక్టరీ వెనక, షాపు పక్కన, ఫలానా గేటుకెదురుగా అని చెప్పుకునేవాళ్లందర్నీ.

అంటే ఇవాళ ఆ గేటు ముందు నేను వెతికిన నలభై మందిలో ఒకత్తెను నేనే.

మనవరాలికి చెప్పాలి. చెబితే అది దొరకని అడ్రస్‌లన్నీ తెరిచి ఒక్కొక్కటే చూస్తుంది. మెట్లు బయటికున్న మేడ అని చూస్తుంది. దాని పక్కన సున్నా చూస్తుంది.

జూన్ 11, గురువారం

మనవరాలు వచ్చింది. హెడ్‌ఫోన్స్ సంచీలోంచి తియ్యనే లేదు. ప్రెజెంటేషన్ నాకు వినిపించి ప్రాక్టీస్ చేసుకుంది. మధ్యలో ఆపి, ఇక్కడ చెయ్యి ఇలా ఊపనా అమ్మమ్మా అని అడిగింది. చెయ్యి ఊపకు, బస్సు ఆపుతున్నట్టుంటుంది అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. దానికేం అనుమానం రాలేదు. పడీ పడీ నవ్వింది.

దాని గైడ్‌ని వాళ్లు గడ్డం మాస్టారు అంటారట. ఆయన ఇంతవరకూ ఎవర్నీ మెచ్చుకోలేదట, ఎర్ర మచ్చ చూసి గడ్డం నిమురుకున్నారట. అదే మెచ్చుకోలు అంది.

సాయంత్రం దాకా మాట్లాడింది. నేను విన్నాను. మధ్యలో ఒకటికి రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ఇంకో టీ పెట్టనా అన్నాను. రెండోసారి వాన వచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నావా అన్నాను.

జూన్ 12, శుక్రవారం

చెప్పలేదు.

జూన్ 16, మంగళవారం, ఉదయం 6

నిద్ర లేచేసరికి కళ్ల ముందు ఆ హాలే. తుక్కు బస్సుల మధ్య రంగులు వేసిన హాలు, లోపల వరసగా కుర్చీలు. ఎవరూ రారు. వచ్చేదారిలో ఒక్క ముసలావిడ ఇల్లు కూడా లేదు. రిబ్బన్ కత్తిరించేటప్పుడు మనవరాలు నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఎవడో ఒకడు దాని మొహం మీదే అడుగుతాడు, ఏ ఆధారంతో కట్టించావమ్మా అని.

అప్పుడు దానికి జవాబుండదు. నాకు మటుకు తెలిసే ఉంటుంది. నా పరువు కోసం పిల్ల పరువు తాకట్టు పెట్టినట్టవుతుంది.

పరువని రాశాను గానీ, అసలు సంగతి పరువు కాదు. పోయిన గురువారం లాంటి గురువారం ఇంకొకటి కావాలి నాకు. అంతే.

జూన్ 18, గురువారం

చెప్పేశాను.

అది కూర్చోకముందే, ఆ ఎర్రటి చోటికి వెళ్లొచ్చాను, అక్కడ తుక్కు బస్సుల యార్డు ఉంది, మనిషన్నవాడు వాచ్‌మన్ ఒక్కడే, ఆయనా ముసలివాడు కాదు అన్నాను. మొదట నవ్వింది. నువ్వు దారి తప్పి ఉంటావమ్మమ్మా అంది. మ్యాపు పట్టుకుని నేను దారి తప్పడం ఇంకా మొదలుపెట్టలేదు అన్నాను.

లాప్‌టాప్ తెరిచింది. సెట్టింగులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అడ్రస్ దొరక్కపోతే వార్డు మధ్యలో పెట్టు అని ఒక టిక్ ఉంటుందట. మొదట్లో అదే పెట్టింది, తర్వాత చూసి సరిచేద్దామనుకుంది, చూడలేదు. ఎర్ర మచ్చ అంత అందంగా వచ్చాక ఎవరు చూస్తారు.

దొరకనివాటిని విడిగా తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. టైర్ల షాపు పక్క సందు, మూడో మలుపు. నీలం గేటుకెదురుగా. కూలిపోయిన సినిమా హాలు వెనక. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాను, ఎందుకో నాకే తెలియదు. పాత ఐస్ ఫ్యాక్టరీ వెనక, అని చదివి ఆగింది. నీళ్లు మరిగాయి.

గుమ్మం దగ్గరికి వచ్చి, నేను ప్రతి గురువారం వస్తున్నా కదా అంది.

బల్ల కోసం అన్నాను.

నోరు జారిందని రాసుకోవచ్చు. జారలేదు. నేనే అన్నాను.

సామానంతా సర్దుకుని వెళ్లిపోయింది. చార్జర్ కూడా మర్చిపోలేదు. కోపంలోనూ వస్తువులు మర్చిపోని రకం. నా పోలికే.

జూన్ 19, శుక్రవారం

భోజనాల బల్ల చాలా పెద్దది. ఇంత పెద్దది ఎందుకు కొన్నామో.

జూన్ 25, గురువారం

ఇవాళే ప్రెజెంటేషన్. రాలేదు, రాదని తెలుసు. అయినా ఫ్యాన్ వేసి ఉంచాను. సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. అమ్మా, దానికేమైంది, నాతో కూడా సరిగా మాట్లాడట్లేదు అంది. పని ఒత్తిడి అన్నాను. నువ్వెలా ఉన్నావంది. బాగున్నాను అన్నాను. కూతురి దగ్గరికొచ్చేసరికి మళ్లీ అబద్ధమే సులువు.

జూన్ 28, ఆదివారం

తలుపు చప్పుడైతే పాలవాడనుకున్నాను. మనవరాలు. ఆదివారం పూట. సంచీ లేదు, లాప్‌టాప్ లేదు. ఖాళీ చేతులతో చూస్తే చిన్నపిల్లలా ఉంది.

బల్ల దగ్గర కూర్చోలేదు. వంటింటి గట్టు మీదెక్కి కూర్చుంది.

ప్రెజెంట్ చేశానంది. ఎర్ర మచ్చ తప్పని, ఎలా తప్పయిందో కూడా మొదటి స్లైడ్‌లోనే చెప్పిందట. మునిసిపల్ ఆఫీసర్ సెల్‌ఫోన్ చూసుకున్నాడట. గడ్డం మాస్టారు గడ్డం జోలికి పోలేదట. బయటికొచ్చాక, ఆ నలభై ఇళ్లూ నడిచి వెతుక్కో, ప్రతి గుమ్మం ముందూ నిలబడి చుక్క నువ్వే పెట్టు అన్నారట.

మంచిదే అన్నాను. ఆ తర్వాత ఇద్దరం కుక్కర్ వైపు చూస్తూ కూర్చున్నాం.

నాకెందుకు చెప్పలేదు అంది చివరికి. నువ్వెప్పుడు అడిగావే, ఫోన్‌లో ఎవరో పిల్ల అడిగింది, చెప్పాను అన్నాను. ఆ ప్రశ్న రాసింది నేనే అమ్మమ్మా అంది. మాట్లాడటానికి అన్న మాట కూడా కావాలనే పెట్టిందట. లేకపోతే మీటర్ రీడింగ్ వాడూ, గ్యాస్ సిలిండర్ వాడూ లెక్కలోకి వచ్చేస్తారని. వాళ్లను తీసెయ్యడానికి పెట్టాను, నేనే పోయాను అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, దగ్గరికి తీసుకోవడానికి ఒక సాకు ఉండేది.

వెళ్లేముందు, ఆ సందులు నాకు తెలియవు, తోడొస్తావా అని అడిగింది. మోకాళ్లను అడిగి చెబుతానన్నాను.

జూలై 2, గురువారం

మోకాళ్లు ఒప్పుకున్నాయి. రూల్సే ఒప్పుకోలేదు. సర్వేలో జవాబు చెప్పిన మనిషి అదే సర్వేకి పని చెయ్యకూడదట. గడ్డం మాస్టారిని అడిగి, నా జవాబులు పూర్తిగా తీసేశారు. అలా మన ఊళ్లో ఒంటరివాళ్ల లెక్క ఒకటి తగ్గింది. ఒంటరితనం తగ్గి కాదు, నాకు ఉద్యోగం దొరికి. నాకు తెలిసి లెక్కలు చాలావరకూ ఇలాగే తగ్గుతాయి.

పని సులువే. అడ్రస్ పట్టుకుని ఇల్లు వెతకాలి. గుమ్మం ముందు నిలబడితే, మనవరాలు ఫోన్‌లో బటన్ నొక్కుతుంది. చుక్క పడుతుంది. ఎవరినీ కదిలించక్కర్లేదు, తలుపు తట్టక్కర్లేదు.

టైర్ల షాపు పక్క సందు, మూడో మలుపు. ఆకుపచ్చ తలుపు, మూసి ఉంది. బటన్ నొక్కడం అయింది, పద అంది మనవరాలు. నా చెయ్యి ఊరుకోలేదు, తట్టాను.

లోపల్నించి ఎవరూ అని ఆడగొంతు, గంట కొట్టినట్టు. నాకేమీ వద్దు అంది. మాకూ ఏమీ వద్దు, మీ గుమ్మం చూసి పోదామని వచ్చాం అన్నాను. గుమ్మంలో ఏముంది చూడ్డానికి అంది. అదే చూస్తున్నాం, ఏమీ లేదు అన్నాను. లోపల నవ్వు. నవ్వాక దగ్గు. మనవరాలు నా కొంగు లాగుతోంది.

మళ్లీ రావచ్చా అన్నాను. రావద్దని ఎవరన్నారు, తలుపు మాత్రం తియ్యను అంది.

జూలై 4, శనివారం

వెళ్లాను. మెట్టు మీద కూర్చుని తలుపుకి వీపు ఆనించాను. ఆవిడ అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది. మనుషులకి ఎందుకు తలుపు తియ్యరని అడగలేదు. అడగకుండానే చెప్పింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసిందట. జీవితమంతా మొహాలు చూడకుండా మాట్లాడటమే, ఇప్పుడు మొహం కనబడితే మాట తడబడుతుందట. నాకు ముప్పొద్దులా మొహాలే, క్లాసుకి నలభై, ఒక్కటీ నా మాట వినలేదు అన్నాను.

నేను వెళ్లేటప్పుడు, లైన్ పెట్టేస్తున్నా అంది. సరేనన్నాను.

జూలై 9, గురువారం

కొత్త మ్యాపు తయారైంది. మచ్చ లేదు. ఊరంతా లేతగా, ఇక్కడొకటి అక్కడొకటి. ఎక్కడా రంగు ముదరలేదు. ప్రతి చుక్కా తన సందులో తాను. మచ్చ లేకపోతే హాలు ఎక్కడ కట్టమంటారు అని మునిసిపల్ ఆఫీసర్ అడిగాడట. ఇక కట్టరు. మనవరాలు థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం తిరగరాయాలి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకునే పని చేసింది. మధ్యాహ్నం తీసి, టీ చల్లారేంతసేపు నాతో మాట్లాడింది. మళ్లీ పెట్టుకుంది. పని మరి. నేనూ ఏమీ అనలేదు. ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు తెల్లగా ఉంది మ్యాపులో. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

జూలై 11, శనివారం

వెళ్లాను. ఆకుపచ్చ తలుపు వెనక ఆవిడ పలకలేదు. రెండుసార్లు తట్టాను. మూడోసారి తట్టేంత చనువు మాకుందో లేదో తెలియక వచ్చేశాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

జూలై 12, ఆదివారం

ఒక్క ముద్ద దిగలేదు.

జూలై 14, మంగళవారం

తలుపు తీసి ఉంది.

నాకంటే పొట్టి. గొంతేమో పొడుగు మనిషిది. మాటలకి మొహాలు అడ్డం వచ్చాయి. రెండో కుర్చీ నిండా మడతపెట్టని బట్టలు. ఆవిడ ఒక్కొక్కటే తీసి మంచం మీద వేస్తోంది. నేను నిలబడ్డాను. తొందరేం లేదన్నాను.